సైకిల్ చక్రం దెబ్బతింటే బాగు చేయించాలా, కొత్తగా అల్లించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

"బెండు తీయిస్తే సరిపోతుందా, చక్రం మొత్తం మార్చాలా?" చాలాకాలంగా వస్తున్న సందేహాలన్నిటి సారం ఇదే. బెండు తీయడమంటే స్పోకులను బిగించి, సడలించి వంకర పోగొట్టడం. అల్లించడమంటే చక్రం నడిమి భాగమైన హబ్బుకూ, టైరు కూర్చునే బయటి వలయమైన రిమ్ముకూ మధ్య స్పోకులను ఎక్కించి బిగించడం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. చాలామంది చక్రం ఎంత ఊగుతోందో చూసి తీర్పు చెప్పేస్తారు. అందువల్ల ఇంకా ఏళ్ల తరబడి పనికొచ్చే హబ్బులు పాత ఇనుములో కలిసిపోతున్నాయి. పగిలిన రిమ్ములేమో బెండు తీయించుకుని మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. రిమ్ము, స్పోకులు, హబ్బు మూడూ వేర్వేరు వస్తువులు. దేని పరీక్ష దానికి పెట్టాల్సిందే.

## దారిలో ఉండగా

చక్రం వంకరపోయింది. ఇంటిదాకా తొక్కుకుంటూ వెళ్లవచ్చా?

సైకిల్‌ను ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పండి. ఫ్రేముకు గానీ ఫోర్కుకు (ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునే కాళ్లకు) గానీ తగలకుండా తిరుగుతూ, రిమ్ము మీద పగుళ్లేవీ లేకపోతే నెమ్మదిగా వెళ్లవచ్చు. బ్రేకు రబ్బర్లకు తగులుతుంటే బ్రేకు కేబులును కాస్త వదులు చేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ బ్రేకు మీద నమ్మకం పెట్టుకోకూడదు. దెబ్బ ముందు చక్రానికి తగిలితే మాత్రం నా సలహా వేరు: ఏమాత్రం అనుమానం ఉన్నా దిగి నడిపించుకుంటూ వెళ్లండి. వెనక చక్రం కూలబడితే సైకిల్ ఆగిపోతుంది. ముందు చక్రం కూలబడితే మనిషి ముఖం నేలకు కొట్టుకుంటుంది.

ఒక స్పోకు విరిగింది. అప్పటికప్పుడు ఏం చేయాలి?

విరిగిన ముక్క చైనులోనో ఫ్రేములోనో ఇరుక్కోకుండా తీసేయండి, లేదా పక్క స్పోకుకు చుట్టేయండి. తర్వాత రిమ్ము ఎటు వాలిందో చూడండి. కుడివైపు స్పోకు విరిగితే ఆ చోట రిమ్ము ఎడమకు పోతుంది, ఎందుకంటే కుడికి లాగే చేయి పోయింది. విరిగినదానికి ఇరుపక్కలా ఉన్న ఎడమ స్పోకులు రెండింటినీ అర చుట్టు చొప్పున సడలిస్తే రిమ్ము చాలావరకు మధ్యకు వస్తుంది. 32, 36 స్పోకుల చక్రం అయితే ఇలా ఇల్లు చేరవచ్చు. 20 స్పోకుల చక్రంలో ఒక్కటి పోయినా రిమ్ము విపరీతంగా వాలిపోతుంది. దాన్ని తొక్కే ప్రయత్నం చేయవద్దు.

చక్రం పూర్తిగా మెలి తిరిగిపోయింది. నేలకు ఆనించి తొక్కితే సరవుతుందని విన్నాను. నిజమేనా?

ఒక్కోసారి నిజమే. పక్కనుంచి బలమైన దెబ్బ తగిలినప్పుడు, బిగువుగా ఉన్న స్పోకుల మధ్య రిమ్ము ఒక్కసారిగా తన ఆకారం వదిలేస్తుంది. పొంగిన చోట బలంగా నొక్కితే అది టప్‌మని వెనక్కి రావచ్చు. ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది, అంతవరకే. అలా మెలి తిరిగి వచ్చిన రిమ్ము మళ్లీ మునుపటి బలంతో నిలబడటం అరుదు. వచ్చిన తర్వాత చూడటానికి సూటిగానే ఉన్నా, దాన్ని కొత్త రిమ్ము దొరికేదాకా నెట్టుకొచ్చే తాత్కాలిక ఏర్పాటుగానే చూడండి.

## ఇంటికి వచ్చాక, పరీక్షించే దశ

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి?

కంటితో కాదు, వేళ్లతో. టైరు, ట్యూబు తీసేసి రిమ్మును గుడ్డతో తుడవండి. నిపుల్ (స్పోకు కొనను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) రంధ్రాల చుట్టూ, రిమ్ము అతుకు దగ్గర, అంచుల మీద వేలు నడిపించండి. ఆ తర్వాత స్పోకులను ఒక్కొక్కటిగా పట్టుకుని కదపండి. చివరగా ఇరుసును వేళ్లతో తిప్పండి. ఇవన్నీ అయ్యాకే చక్రాన్ని తిప్పి వంకర ఎంతో చూడాలి. వంకర ముందు చూస్తే మనసు అక్కడే ఆగిపోతుంది, మిగతా లోపాలు కంటికి ఆనవు.

నా దగ్గర బిగువు కొలిచే మీటరు లేదు. స్పోకుల బిగువు ఎలా తెలుసుకోవాలి?

చెవితో. ఒకే వైపున ఉన్న స్పోకులు ఒకే పొడవు, ఒకే మందం ఉంటాయి కాబట్టి బిగువు సమానమైతే స్వరమూ సమానంగా ఉంటుంది. వీణ తీగను మీటినట్టు గోరుతో మీటి వినండి. స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోటికీ రిమ్ముకూ మధ్య ఉన్న భాగంలోనే మీటాలి, లేకపోతే రెండు స్పోకులూ కలిసి మోగి స్వరం చెడిపోతుంది.

కుడివైపు వాటిని కుడివైపు వాటితో, ఎడమవి ఎడమవాటితో మాత్రమే పోల్చండి. గేర్లున్న వెనక చక్రంలో పళ్ల చక్రాలకు చోటివ్వడం కోసం రిమ్మును కుడివైపుకు జరిపి బిగిస్తారు. కాబట్టి కుడి స్పోకులు బాగా బిగువుగా, ఎడమవి దాదాపు సగం బిగువుతో ఉండటం సహజం. అక్కడ స్వరంలో తేడా లోపం కాదు.

ఒకే వైపున ఒకటి మందంగా "టప్" మని, పక్కది "టింగ్" మని మోగితే అదే మీ జవాబు. మీటరుతో కొలిస్తే వెనక చక్రం కుడి స్పోకులు సాధారణంగా 100 నుంచి 120 కిలోల లాగుడు మీద ఉంటాయి. అయితే రిమ్ము తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితి అంతకంటే తక్కువైతే దాన్నే పాటించాలి.

రిమ్ము వంగిందా, స్పోకులు సడలాయా? ఎలా తేల్చుకోవాలి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

వంకర ఉన్న భాగంలో స్పోకులు మీటి చూడండి. చక్రం ఎడమకు వాలిన చోట కుడి స్పోకులు సడలి ఉంటే తప్పు స్పోకులదే. వాటిని బిగిస్తే రిమ్ము తనంతట తానే తిరిగి వస్తుంది. ఇది బెండు తీసే పని.

కానీ రిమ్ము ఎడమకు వాలి ఉన్నా, అక్కడ కుడి స్పోకులు సడలకపోగా మామూలు కంటే బిగిసి ఉంటే రిమ్మే వంగింది. స్పోకులు దాన్ని లోపలికి లాగుతూనే ఉన్నాయి, అది రావడం లేదు. ఇంకా బిగిస్తే చక్రం సూటిగా కనిపించవచ్చు. అయితే కొన్ని స్పోకులు అతిగా బిగిసి, వాటి ఎదుటివి వదులై, కొద్ది రోజులకే ఏదో ఒకటి తెగుతుంది.

ఇంకా అనుమానం తీరకపోతే స్పోకులన్నిటినీ పూర్తిగా సడలించి, రిమ్మును సమంగా ఉన్న బల్ల మీద పడుకోబెట్టండి. ఏ చోటైనా 2 మిల్లీమీటర్లకు మించి లేచి ఉంటే ఆ రిమ్ము మీద కష్టపడటం వృథా.

రిమ్ము అంచుకు సొట్ట పడింది. ప్లయరుతో లాగి సరిచేయవచ్చా?

అంచు కాస్త బయటికి పొంగితే, అది ఇనుప రిమ్ము అయితే, లాగవచ్చు. ఇనుము వంగి మళ్లీ వంగుతుంది. అల్యూమినియం అంత ఓర్వదు. మెల్లగా ఒకసారి సరిచేస్తే నిలవవచ్చు గానీ, అదే చోట రెండోసారి వంచితే పగులుతుంది. సరిచేశాక ఆ చోట టైరు అంచు సరిగా కూర్చుందో లేదో తప్పకుండా చూడండి. టైరు నిండా గాలి పట్టించి చక్రం తిప్పినప్పుడు, టైరు పక్కనున్న సన్నని గీత రిమ్ముకు అంతటా సమాన దూరంలో కనిపించాలి. అక్కడ గీత లోపలికి మునిగినా పైకి లేచినా ఆ రిమ్మును వదిలేయండి.

పక్కకు ఊగడం లేదు. కానీ తొక్కుతుంటే ఎగిరెగిరి పడుతోంది. ఎందుకు?

గుంతలో పడినప్పుడు రిమ్ము ఒకచోట లోపలికి నొక్కుకుపోయి చదునవుతుంది. స్పోకు లాగగలదు, తోయలేదు. కాబట్టి లోపలికి పోయిన రిమ్మును స్పోకులు బయటికి నెట్టలేవు. అక్కడ వాటిని సడలిస్తే 1 మిల్లీమీటరు దాకా మెరుగవుతుంది, అంతకుమించి ఆశించకండి. ముందు టైరు సరిగా కూర్చోకపోవడం వల్ల ఎగరడం లేదని మాత్రం నిర్ధారించుకోండి. టైరు తప్పును రిమ్ము మీద వేసి మంచి రిమ్ములు మార్చినవారున్నారు.

రిమ్ము మీద సన్నని గీత కనిపిస్తోంది. అది పగులా, గీతా?

గోరు అడ్డంగా నడిపించండి. గోరు తట్టుకుంటే, ముఖ్యంగా అది నిపుల్ రంధ్రం నుంచి బయలుదేరితే, పగులుగానే లెక్కించండి. పగిలిన రిమ్మును అతికించడం, వెల్డింగు చేయించడం వంటివి ఆలోచించవద్దు. అతుకు దగ్గర వెంట్రుకంత సన్నగా, రిమ్ముకు అడ్డంగా నిట్టనిలువుగా ఉండే గీత మాత్రం తయారీలో వచ్చినదే.

బ్రేకు రబ్బర్లు తగిలే చోట రిమ్ము గుంట పడింది. ఇంకెంతకాలం వాడవచ్చు?

చాలా రిమ్ముల మీద చిన్న చుక్క గానీ, చుట్టూ సన్నని గాడి గానీ ఉంటుంది. అది అరిగి కనబడకుండా పోతే రిమ్ము ఆయువు తీరినట్టే. గుర్తు లేకపోతే గోడ మందం కొలవాలి. కాలిపరును (మందం కొలిచే పరికరాన్ని) నేరుగా పెడితే రిమ్ము లోపలి కొక్కెం అడ్డొస్తుంది. అందుకని 2 మిల్లీమీటర్ల మందమున్న పాత స్పోకు ముక్కలు రెండు తీసుకుని, గోడకు లోపల ఒకటి, బయట గుంటలో ఒకటి పెట్టి, అన్నీ కలిపి కొలవండి. వచ్చిన కొలతలోంచి 4 తీసేస్తే గోడ మందం తెలుస్తుంది. 1 మిల్లీమీటరుకు దగ్గరపడితే మార్చేయండి. టైరులోని గాలి ఆ గోడలను ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడే, అంటే వేగంలో ఉన్నప్పుడే, అది చీలిపోయే ప్రమాదం ఎక్కువ.

హబ్బు బాగుందని ఎలా నమ్మడం?

ఇరుసును వేళ్లతో నెమ్మదిగా తిప్పండి. గరగరలాడితే లోపల గోళీలు గానీ కోనులు (గోళీలను పట్టి ఉంచే శంకువు ఆకారపు నట్లు) గానీ అరిగాయి. అవి మార్చవచ్చు. కోనులు విప్పి చూసినప్పుడు హబ్బులోనే ఉండే, గోళీలు దొర్లే గిన్నె మీద గుంటలు కనిపిస్తే చాలా హబ్బులలో దానికి మందు లేదు. వంగిన ఇరుసు మార్చడం తేలిక. స్పోకులు దూరే అంచు దగ్గర రంధ్రం నుంచి పగులు మొదలైతే మాత్రం హబ్బు పక్కన పెట్టాల్సిందే.

## నిర్ణయించుకునే దశ

బెండు తీస్తే చాలని ఎప్పుడు ధీమాగా అనుకోవచ్చు?

రిమ్ము మీద పగులు, సొట్ట లేకుండా, నిపుల్స్ తేలికగా తిరుగుతూ, సరిచేసిన తర్వాత కూడా ఒకే వైపు స్పోకుల స్వరం దాదాపు సమానంగా ఉంటే. సూటిగా వచ్చింది కానీ స్వరాలు అస్తవ్యస్తంగా ఉన్నాయంటే ఆ పని పూర్తయినట్టు కాదు.

తరచూ ఏదో ఒక స్పోకు విరుగుతోంది. ప్రతిసారీ ఒకటి మార్చిస్తున్నాను. ఇది మామూలేనా?

కాదు. ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది తమ బరువు మీదో రోడ్డు మీదో నింద వేసుకుంటారు. అసలు కారణం ఎక్కువసార్లు చక్రంలోని వదులే.

చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లకు పైచిలుకు. అంటే కిలోమీటరుకు అది 450 సార్లకు పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ నేలకు దగ్గరగా వచ్చిన స్పోకు కాస్త సడలి, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. బిగువు తగినంత ఉంటే ఈ మార్పు దానికి లెక్కలోకి రాదు. వదులుగా ఉన్న స్పోకు మాత్రం హబ్బు రంధ్రంలో కదులుతూ వంపు దగ్గర లోహం అలసిపోయి తెగుతుంది. తెగిన ముక్క చూడండి: హబ్బు దగ్గరి వంపులోనే తెగి ఉంటే అది దెబ్బ కాదు, అలసట.

ఒక స్పోకు అలసిందంటే దానితో పాటు పుట్టి దానితో పాటే తిరిగిన మిగతావీ అదే దారిలో ఉన్నాయి. మొదటిది విరిగితే మార్చి, చక్రం మొత్తం బిగువు సరిచూడండి. రెండోదీ అలాగే. మూడోది కూడా వంపు దగ్గరే తెగితే ఒక్కొక్కటి మార్చడం ఆపి, స్పోకులన్నీ కొత్తవి వేసి అల్లించండి. రిమ్ము, హబ్బు బాగుంటే వాటిని ఉంచుకోవచ్చు.

చైను జారి స్పోకుల్లోకి పడింది. విరగలేదు, గీతలు పడ్డాయి. వదిలేయవచ్చా?

వదిలేయకండి. గీత పడిన చోటే లోహం అలసట మొదలవుతుంది. గీతలున్న స్పోకులను ఒకటి తర్వాత ఒకటిగా, ఒకదాన్ని తీసి దాని స్థానంలో కొత్తది బిగించాకే రెండోది తీస్తూ మార్చితే చక్రం విప్పే పనే ఉండదు. చైను ఎందుకు అంతదూరం జారిందో గేరు సర్దుబాటులో చూసుకోండి.

రిమ్ము ఒక్కటే మార్చి, పాత స్పోకులు వాడుకోవచ్చా?

రిమ్ము దెబ్బ తగిలి పోయి, స్పోకులు అంతవరకు ఒక్కటీ విరగకుండా సమంగా బిగిసి ఉంటే వాడుకోవచ్చు. షరతు ఏమిటంటే కొత్త రిమ్ములో నిపుల్ కూర్చునే చోటి వ్యాసం పాతదానికి సమానంగా ఉండాలి. వ్యాసం 2 మిల్లీమీటర్లు మారితే స్పోకు పొడవు సుమారు 1 మిల్లీమీటరు మారుతుంది. అంతవరకు సర్దుకుంటుంది. అంతకు మించితే కొత్త స్పోకులు తప్పవు. నిపుల్స్ మాత్రం కొత్తవే వేయండి.

నిపుల్స్ తుప్పు పట్టి తిరగడం లేదు. ఏం చేయాలి?

నిపుల్ రిమ్ములోకి దూరే చోట, స్పోకు నిపుల్‌లోకి దూరే చోట పలచని నూనె చుక్కలుగా వేసి ఒక రాత్రి వదిలేయండి. తిప్పేటప్పుడు స్పోకును ప్లయరుతో పట్టుకోండి, లేకపోతే నిపుల్‌తో పాటు అదీ మెలి తిరుగుతుంది. రెండు మూడు మొరాయిస్తే వాటిని కోసి కొత్తవి వేయవచ్చు. ఎక్కువ భాగం కదలకపోతే ఆ చక్రానికి బెండు తీయడం సాధ్యం కాదు, స్పోకులు మార్చి అల్లించాల్సిందే.

కోసే ముందు ఒక జాగ్రత్త: వెనక చక్రమైతే ఫ్రీవీలును లేదా పళ్ల చక్రాల గుత్తిని ముందే విప్పి తీయండి. స్పోకులు పోయాక హబ్బును గట్టిగా పట్టుకోవడానికి ఆధారం ఉండదు, ఫ్రీవీలు దానికే అతుక్కుపోయి మిగులుతుంది.

పాత హబ్బుతో అల్లించడం మేలా, తయారుగా దొరికే చక్రం కొనడం మేలా?

హబ్బు మంచిదై, రిమ్ము, స్పోకులు సరైన కొలతలో దొరికి, ఓపికగా అల్లేవారు అందుబాటులో ఉంటే నా ఓటు అల్లించడానికే. మనిషి చేత్తో, శ్రద్ధగా, సమంగా బిగించిన చక్రం ఏళ్ల తరబడి కదలకుండా నిలుస్తుంది. హబ్బు గిన్నె అరిగి, రిమ్ము కూడా పోయి ఉంటే మిగిలింది స్పోకులే కాబట్టి తయారు చక్రం కొనండి. అలా కొన్నదాన్ని కూడా బిగించే ముందు బిగువు సరిచూపించండి. యంత్రంతో అల్లిన చౌక చక్రాలు తరచూ వదులుగానే వస్తాయి.

కార్బన్ రిమ్ము దెబ్బతింటే?

పగులు గానీ, పొరలు విడిన చోటు గానీ కనిపిస్తే వాడకం ఆపండి. నాణెంతో తట్టినప్పుడు ఒకచోట మాత్రం శబ్దం మొద్దుబారినా అనుమానించాలి. కార్బన్ లోహంలా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది.

హబ్బులో మోటారున్న కరెంటు సైకిల్ చక్రానికి స్పోకులు విరుగుతున్నాయి. లావైనవి వేస్తే ఆగుతుందా?

అన్నివేళలా కాదు. పెద్ద హబ్బు వల్ల స్పోకులు పొట్టిగా ఉండి, రిమ్ములోకి బాగా ఏటవాలుగా దూరుతాయి. నిపుల్ ఆ కోణానికి తిరగలేకపోతే స్పోకు నిపుల్ దగ్గర వంగి అక్కడే తెగుతుంది. లావైన స్పోకు ఆ వంపును ఇంకా ఎక్కువగా రిమ్ము మీదికి నెడుతుంది. ముందు చూడవలసింది కోణం, బిగువు. స్పోకులు తక్కువ సార్లు ఒకదాన్నొకటి దాటేలా అల్లిస్తే కోణం మెరుగుపడుతుంది.

## అల్లించే దశ

కొత్త రిమ్ము కొనేటప్పుడు "28 అంగుళాలు" అంటే సరిపోతుందా?

సరిపోదు. టైరు పక్కన 37-622 వంటి అంకె ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 28 అంగుళాలు అని పిలిచే చక్రాల్లో 622, 635 రెండూ ఉన్నాయి. 26 అంగుళాల్లో 559, 590 ఉన్నాయి. ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. దీనితో పాటు రంధ్రాల సంఖ్య హబ్బుతో సరిపోవాలి. రిమ్ము బ్రేకు ఉంటే, పక్క గోడలు బ్రేకు కోసం చదును చేసిన రిమ్మే కావాలి.

నేనే అల్లుకోవచ్చా?

తప్పకుండా. మొదటిసారి అయితే డిస్కు బ్రేకు లేని ముందు చక్రంతో మొదలుపెట్టండి. రెండువైపులా బిగువు సమానంగా ఉండటం వల్ల పని తేలిక. రిమ్ము మాత్రమే మార్చాలంటే సులువైన దారి ఉంది. పాత చక్రం స్పోకులన్నీ సడలించి, కొత్త రిమ్మును దాని పక్కనే పెట్టి టేపుతో కట్టండి. గాలి రంధ్రాలు రెండూ ఎదురెదురుగా ఉండాలి, వాటి పక్కనున్న మొదటి స్పోకు రంధ్రం రెండింటిలో ఒకే వైపుకు జరిగి ఉండాలి. ఇక ఒక్కొక్క స్పోకునూ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చుకుంటూ పోవడమే. తర్వాత అన్నిటినీ కొద్దికొద్దిగా, పావు చుట్టు, అర చుట్టు చొప్పున బిగించండి. తొందరపడి ఒకచోట లాగేస్తే ఆ తప్పును దిద్దడానికి చక్రమంతా తిరగాల్సి వస్తుంది.

ఎంత సూటిగా ఉంటే చాలు?

పక్కకు అర మిల్లీమీటరు లోపు ఉంటే మంచి పని. రిమ్ము బ్రేకుకు 1 మిల్లీమీటరు దాకా నడుస్తుంది. డిస్కు బ్రేకుకు ఇంకాస్త ఎక్కువున్నా బ్రేకుకు ఇబ్బంది లేదు. కాగితమంత తేడాను కూడా తుడిచేయాలని బిగువు సమానత్వాన్ని బలిపెట్టకండి.

## అల్లించాక

కొత్తగా అల్లిన చక్రం తొక్కగానే టింగ్ టింగ్ మంటోంది. ప్రమాదమా?

కాదు. బిగించేటప్పుడు నిపుల్‌తో పాటు కాస్త మెలి తిరిగిన స్పోకులు బరువు పడగానే విడుతున్న శబ్దమది. పక్కపక్కన సమాంతరంగా ఉన్న స్పోకులను జంటలుగా గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కితే అవి ముందే సర్దుకుంటాయి. శ్రద్ధగా అల్లేవారు ఆ పని చేశాకే చక్రం చేతికిస్తారు. మొదటి 100 కిలోమీటర్ల లోపు ఒకసారి బిగువు సరిచూపించండి.

చక్రం సూటిగానే ఉంది, అయినా ఫోర్కులో ఒక పక్కకు కూర్చుంటోంది. అల్లినవారి తప్పా?

చక్రాన్ని విప్పి, కుడి ఎడమలు తిప్పి మళ్లీ పెట్టి చూడండి. రిమ్ము ఇప్పుడు రెండో పక్కకు జరిగితే చక్రం మధ్యకు రాలేదు. దాన్ని అల్లినవారే సరిచేయాలి. తిప్పినా అదే పక్కన ఉంటే వంగింది ఫోర్కు, చక్రానిది తప్పు కాదు. చక్రం దేన్నైనా గుద్దుకున్న తర్వాత అల్లించారంటే ఈ పరీక్ష ముందే చేసి ఉండాల్సింది. వెనక చక్రాన్ని కూడా చైను వేయకుండా ఇలాగే తిప్పిపెట్టి చూడవచ్చు. డిస్కు ఉంటే దాన్ని ముందు విప్పండి.